మొక్క కణాంగాల్లో ఇంట్రాన్లను తొలగించే ప్రోటీన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హరితరేణువుల్లో, మైటోకాండ్రియాలో ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ఉండి, ఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి తీసేయవలసిన ముక్కలు) ఎలా తొలగిపోతాయో చదవడం మొదలుపెట్టినవారు దాదాపు అందరూ అవే చోట్ల ఆగిపోతున్నారు. కొన్ని సందేహాలు పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంతో దాటేసిన చోట పుడతాయి. మరికొన్ని మొదటి మ్యూటెంట్ మొక్క (ఒక జన్యువు చెడిన మొక్క) చేతికి వచ్చిన రోజున మొదలవుతాయి. పదే పదే ఎదురైన ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## చదవడం మొదలుపెట్టినవారికి

బాక్టీరియాలో ఇంట్రాన్లు ఉండవని చదువుకున్నాం. మరి బాక్టీరియా నుంచి వచ్చిన హరితరేణువులో ఎలా ఉన్నాయి?

బాక్టీరియాలో అసలే ఉండవన్నది నిజం కాదు. కేంద్రకంలోని జన్యువుల్లో ఉండే రకం ఇంట్రాన్లు మాత్రమే వాటిలో ఉండవు. తమను తామే కత్తిరించుకునే మొదటి గ్రూపు, రెండో గ్రూపు ఇంట్రాన్లు చాలా బాక్టీరియాలో ఉన్నాయి. హరితరేణువులకు పూర్వీకులైన సయనోబాక్టీరియా బంధువుల్లోనూ ఉన్నాయి. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ఒక టీఆర్‌ఎన్‌ఏ జన్యువులో హరితరేణువుకు ఏ స్థానంలో మొదటి గ్రూపు ఇంట్రాన్ ఉందో, సయనోబాక్టీరియాలో కూడా సరిగ్గా అదే స్థానంలో కనిపిస్తుంది. బాక్టీరియాలోని రెండో గ్రూపు ఇంట్రాన్లు ఒకచోటి నుంచి మరోచోటికి దూకగల జన్యు ముక్కలు. మొక్కల కణాంగాల్లో ఉన్నవి వాటి సంతతే, కాని చాలావరకు ఆ దూకే శక్తిని పోగొట్టుకుని ఉన్నచోటే స్థిరపడిపోయాయి.

మొదటి గ్రూపు, రెండో గ్రూపు అంటే ఏమిటి? తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కోతకు తొలి దెబ్బ వేసేది ఎవరన్నదే తేడా. మొదటి గ్రూపులో బయటి నుంచి వచ్చిన గ్వానోసిన్ అణువు ఆ పని చేస్తుంది. రెండో గ్రూపులో ఇంట్రాన్ తోక దగ్గరే, ఆరో భాగంలో, జత కుదరక బయటికి పొడుచుకొచ్చిన ఒక అడినోసిన్ ఆ పని చేస్తుంది. అలా కోత పడ్డాక ఇంట్రాన్ మొదలు ఈ అడినోసిన్‌కు అతుక్కుని ఉచ్చుముడి ఆకారం ఏర్పడుతుంది. దాన్నే లేరియట్ అంటారు.

రెండో గ్రూపు ఇంట్రాన్ మడత పడితే చక్రానికి ఆకుల్లా ఆరు భాగాలు కనిపిస్తాయి. మొదటి భాగం అన్నిటికన్నా పెద్దది, ఎక్సాన్‌ను (ఇంట్రాన్ పక్కనే ఉండి చివరికి మిగిలే భాగాన్ని) గుర్తించి పట్టుకుంటుంది. ఐదో భాగం చిన్నదే అయినా రసాయన చర్య జరిగేది అక్కడే. అది మెగ్నీషియం అయాన్లను పట్టి ఉంచుతుంది. నాలుగో భాగం మిగతావాటి కన్నా వదులుగా ఉంటుంది, ఇంట్రాన్ లోపలే ఒక ప్రోటీన్ జన్యువు ఉంటే సాధారణంగా అది ఇక్కడే ఉంటుంది. ఈ మూడు భాగాలను గుర్తుంచుకుంటే పరిశోధన పత్రాలు చదవడం సగం తేలికవుతుంది.

ఒక మొక్కలో ఇలాంటి ఇంట్రాన్లు మొత్తం ఎన్ని?

నేల మీద పెరిగే మొక్కల హరితరేణువులో సుమారు 20 రెండో గ్రూపు ఇంట్రాన్లు, ఒకే ఒక్క మొదటి గ్రూపు ఇంట్రాన్ ఉంటాయి. గడ్డిజాతి మొక్కల్లో కొన్ని పోయాయి, అందుకే మొక్కజొన్న హరితరేణువులో రెండో గ్రూపువి 17. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మైటోకాండ్రియాలో 23 ఉన్నాయి, అన్నీ రెండో గ్రూపువే. ఆ 23లో 19 ఒక్క పనికి సంబంధించిన జన్యువుల్లోనే ఉన్నాయి: శ్వాసక్రియలో మొదటి సముదాయమైన కాంప్లెక్స్-1 భాగాలను తయారుచేసే నాడ్1, నాడ్2, నాడ్4, నాడ్5, నాడ్7 జన్యువులు. మైటోకాండ్రియా ఇంట్రాన్ల గురించిన పత్రాలన్నీ కాంప్లెక్స్-1 గురించే మాట్లాడుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఆర్‌ఎన్‌ఏ తనను తానే కత్తిరించుకోగలదని నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు కదా. ఇక ప్రోటీన్లతో పనేమిటి?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగవలసిన ప్రశ్న కూడా. టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో ఇంట్రాన్ ప్రోటీన్ సాయం లేకుండానే తొలగిపోతుందని థామస్ చెక్ బృందం 1982లో చూపింది. ఆర్‌ఎన్‌ఏకు ఉత్ప్రేరక శక్తి ఉందని కనుగొన్నందుకు 1989లో ఆయనకూ సిడ్నీ ఆల్ట్‌మన్‌కూ రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈస్ట్ మైటోకాండ్రియాలోని రెండో గ్రూపు ఇంట్రాన్లు కూడా పరీక్షనాళికలో తమంతట తామే తొలగిపోతాయని 1986లో తేలింది.

అయితే ఆ పరీక్షనాళికలో పరిస్థితులు ఎలాంటివో గమనించాలి. మెగ్నీషియం, ఇతర లవణాలు కణంలో ఉండేదాని కన్నా చాలా ఎక్కువ, వేడి కూడా ఎక్కువ. సజీవ కణంలో ఆ సౌకర్యం లేదు. అందుకే స్వయంశక్తి ఉన్న ఇంట్రాన్‌కు కూడా కణంలో మడత సరిగా పడటానికి ఒక ప్రోటీన్ అండ కావాలి.

మొక్కల సంగతి ఇంకా ముందుకు వెళ్లింది. కోట్ల సంవత్సరాల్లో వాటి ఇంట్రాన్లు అరిగిపోయాయి. ఎదురెదురుగా జత కుదరవలసిన చోట్ల కుదరడం లేదు, కొన్నిటిలో ఆ పొడుచుకొచ్చిన అడినోసినే లేదు. బార్లీ హరితరేణువులో వేలిన్‌ను మోసే టీఆర్‌ఎన్‌ఏ జన్యువులోని ఇంట్రాన్‌లో ఉచ్చుముడి ఏర్పడదు. నీటి అణువుతో కోత జరుగుతుంది. ఒకప్పుడు ప్రతి ఇంట్రాన్‌కూ సొంతంగా ఉన్న సహాయక ప్రోటీన్ జన్యువు కూడా దాదాపు అన్నిటిలో మాయమైంది. ఇలా బలహీనపడిన ఆర్‌ఎన్‌ఏకు ఊతంగా కేంద్రకం నుంచి డజన్లకొద్దీ ప్రోటీన్లు వస్తున్నాయి. రసాయన చర్య చేసేది ఇప్పటికీ ఆర్‌ఎన్‌ఏనే. ప్రోటీన్లు దాన్ని ఆ చర్యకు వీలైన ఆకారంలో నిలబెడతాయి. ఈ ఒక్క మాట మనసులో నిలిస్తే మిగతావన్నీ దాని చుట్టూ చక్కగా అమరుతాయి.

కేంద్రకంలో ఇంట్రాన్లను తొలగించే యంత్రమైన స్ప్లైసియోజోమ్‌కూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, చాలా దగ్గరి సంబంధం. రెండిటిలోనూ అడినోసిన్ తొలి దెబ్బ వేస్తుంది, రెండిటిలోనూ ఉచ్చుముడి ఏర్పడుతుంది. స్ప్లైసియోజోమ్‌లోని యూ6 ఆర్‌ఎన్‌ఏ చేసే పని రెండో గ్రూపు ఇంట్రాన్‌లో ఐదో భాగం చేసే పనే. స్ప్లైసియోజోమ్ గుండెకాయ లాంటి పీఆర్‌పీ8 ప్రోటీన్‌లో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసే ఎంజైమును) పోలిన భాగం ఉందని 2013లో దాని నిర్మాణం చూశాక స్పష్టమైంది. రెండో గ్రూపు ఇంట్రాన్ల సహాయక ప్రోటీన్‌లో ఉండే భాగం కూడా అదే. రెండో గ్రూపు ఇంట్రానే ముక్కలై స్ప్లైసియోజోమ్‌గా మారిందని పరిణామ శాస్త్రవేత్తలు ఎక్కువమంది భావిస్తారు. కాని పేర్లలో తికమక పడకండి: స్ప్లైసియోజోమ్ అన్ని ఇంట్రాన్లకూ పనికొచ్చే ఒకే యంత్రం, కణాంగాల్లో అలాంటి ఉమ్మడి యంత్రం లేదు. ఒక్కో ఇంట్రాన్‌కు ఒక్కో ప్రోటీన్ల జట్టు.

ఒకే జన్యువు ముక్కలు కొన్నిసార్లు వేర్వేరు చోట్ల ఉంటాయని చదివాను. అవి ఎలా కలుస్తాయి?

ఇంట్రాన్ తొలగి ఎక్సాన్లు అతుక్కోవడాన్ని స్ప్లైసింగ్ అంటారు. ముక్కలు వేర్వేరు ఆర్‌ఎన్‌ఏల్లో ఉన్నప్పుడు దాన్ని ట్రాన్స్-స్ప్లైసింగ్ అంటారు. ఇంట్రాన్ మధ్యలో, చాలాసార్లు నాలుగో భాగంలో, తెగిపోయి రెండు సగాలు వేర్వేరు ఆర్‌ఎన్‌ఏల చివర్లుగా తయారవుతాయి. ఆ సగాలు ఒకదాన్నొకటి వెతికి పట్టుకుని జత కుదిరితే పూర్తి ఇంట్రాన్ ఆకారం మళ్లీ ఏర్పడుతుంది, ఎక్సాన్లు అతుక్కుంటాయి. హరితరేణువులో ఆర్‌పీఎస్12 జన్యువు మొదటి ఇంట్రాన్ ఇలాంటిది. అరబిడాప్సిస్ మైటోకాండ్రియాలో నాడ్1, నాడ్2, నాడ్5 జన్యువుల్లో ఇలాంటివి ఐదు ఉన్నాయి. క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ నాచులో పీఎస్ఏఏ జన్యువు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది: మూడు ఎక్సాన్లూ మూడు చోట్ల ఉన్నాయి, మొదటి ఇంట్రాన్ పూర్తి కావడానికి టీఎస్‌సీఏ అనే వేరే చిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలి.

## ప్రోటీన్లతో పరిచయం

మెచ్యురేజ్ అంటే ఏమిటి? ఎందుకు ముందు దాని పేరే చెబుతారు?

వంశం లెక్కన అదే అన్నిటికన్నా పాతది కాబట్టి. బాక్టీరియాలో రెండో గ్రూపు ఇంట్రాన్ తనలోనే ఒక ప్రోటీన్ జన్యువును మోసుకుని తిరుగుతుంది. ఆ ప్రోటీన్ తన ఇంట్రాన్‌నే పట్టుకుని మడత పడటానికి సాయం చేస్తుంది, కొత్త చోటికి దూకడానికి కూడా తోడ్పడుతుంది. లాక్టోకాకస్ లాక్టిస్‌లోని ఎల్‌టీఆర్‌ఏ దీనికి బాగా పరిశోధించిన ఉదాహరణ.

మొక్కల హరితరేణువు జన్యుసముదాయంలో ఇలాంటిది ఒక్కటే మిగిలింది: లైసిన్ టీఆర్‌ఎన్‌ఏ జన్యువు (టీఆర్‌ఎన్‌కే) ఇంట్రాన్‌లో ఉండే మ్యాట్‌కే. మైటోకాండ్రియాలో నాడ్1 నాలుగో ఇంట్రాన్‌లో మ్యాట్‌ఆర్ ఉంది. ఇవి కాక నాలుగు మెచ్యురేజ్ జన్యువులు కేంద్రకానికి వలస వెళ్లాయి. ఎన్‌మ్యాట్1 నుంచి ఎన్‌మ్యాట్4 వరకు ఉన్న ఈ ప్రోటీన్లు సైటోప్లాజంలో తయారై మైటోకాండ్రియాలోకి వస్తాయి.

ఇక్కడ జరిగిన మార్పు గమనించదగ్గది. పూర్వం మెచ్యురేజ్ తనను మోసే ఒక్క ఇంట్రాన్‌కే సేవ చేసేది. మ్యాట్‌కే ఇప్పుడు టీఆర్‌ఎన్‌కేతో పాటు ఆర్‌పీఎల్2, ఏటీపీఎఫ్, ఆర్‌పీఎస్12 రెండో ఇంట్రాన్, మరో మూడు టీఆర్‌ఎన్‌ఏ జన్యువుల ఇంట్రాన్లు కలిపి ఏడింటిని పట్టుకుంటుందని పొగాకు మొక్క మీద జరిగిన పరిశోధన 2010లో చూపింది. ఆ ఏడూ రెండో గ్రూపులోని 2ఏ ఉపవర్గానివే. ఎపిఫేగస్ అనే పరాన్న మొక్కలో టీఆర్‌ఎన్‌కే జన్యువు పోయినా దాని లోపలి మ్యాట్‌కే మాత్రం నిలిచి ఉంది. దాని కోసం ఎదురుచూసే ఇంట్రాన్లు ఇంకా ఉన్నాయన్న మాట.

మొక్కల జాతులను గుర్తించే డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌లో వాడే మ్యాట్‌కే ఇదేనా?

ఇదే. ఆర్‌బీసీఎల్‌తో పాటు మ్యాట్‌కేను నేల మొక్కల ప్రామాణిక బార్‌కోడ్‌గా 2009లో ప్రతిపాదించారు. ఈ జన్యువు హరితరేణువులోని మిగతా ప్రోటీన్ జన్యువుల కన్నా వేగంగా మారుతుంది కాబట్టి దగ్గరి జాతులను వేరు చేయడానికి పనికొస్తుంది.

సీఆర్‌ఎం ప్రోటీన్లు అంటే?

మొక్కజొన్న మ్యూటెంట్ల నుంచి వెలుగులోకి వచ్చిన కుటుంబం ఇది. ఆరిగన్ విశ్వవిద్యాలయంలో ఆలిస్ బార్కన్ ప్రయోగశాల ఈ పనికి పునాది వేసింది. ఈ ప్రోటీన్లన్నిటిలో ఉమ్మడిగా ఉండే సీఆర్‌ఎం అనే భాగం బాక్టీరియాలో వైహెచ్‌బీవై అనే చిన్న ప్రోటీన్‌గా విడిగా ఉంటుంది. అక్కడ అది రైబోజోమ్ పెద్ద భాగం తయారీ దశలో దానికి అంటుకుని ఉంటుంది. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే నేర్పును మొక్కలు ఇంట్రాన్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకోవడానికి మళ్లించుకున్నాయి. అరబిడాప్సిస్‌లో ఈ కుటుంబానికి 16 మంది సభ్యులున్నారు.

సీఆర్‌ఎస్1 ఒక్క ఏటీపీఎఫ్ ఇంట్రాన్‌కే కావాలి. ఆ ఇంట్రాన్‌లో ఒకటో, నాలుగో భాగాలను పట్టుకుని వదులుగా ఉన్న ఆర్‌ఎన్‌ఏను బిగుతుగా మడిచేలా చేస్తుంది. సీఏఎఫ్1, సీఏఎఫ్2 అనేవి మాత్రం సీఆర్‌ఎస్2 అనే మరో ప్రోటీన్‌తో జతకట్టి పనిచేస్తాయి. మొక్కజొన్న హరితరేణువులో 2బీ ఉపవర్గం ఇంట్రాన్లు పది ఉంటే, సీఆర్‌ఎస్2 లేని మొక్కలో వాటిలో తొమ్మిది తొలగవు. పేరులో పోలిక ఉన్నా సీఆర్‌ఎస్2లో సీఆర్‌ఎం భాగం లేదని గుర్తుంచుకోండి. ఈ పొరపాటు చాలామంది రాతల్లో కనిపిస్తుంది. సీఎఫ్‌ఎం2 అనే సభ్యుడు రెండో గ్రూపు ఇంట్రాన్లతో పాటు హరితరేణువులోని ఏకైక మొదటి గ్రూపు ఇంట్రాన్‌కూ సాయం చేస్తాడు.

పీపీఆర్ ప్రోటీన్లు అన్ని వందలు ఎందుకు ఉన్నాయి?

మనిషిలో పీపీఆర్ ప్రోటీన్లు 7. అరబిడాప్సిస్‌లో సుమారు 450. ఈ తేడా చూసి ఎవరైనా ఒక్క క్షణం ఆగకుండా ఉండలేరు.

పీపీఆర్ అంటే సుమారు 35 అమైనో ఆమ్లాల ముక్క, వరసగా పునరావృతమవుతూ ఉంటుంది. ఒక్కో ముక్క రెండు సర్పిలాలుగా మడుచుకుని, ఒక్కో ముక్క ఆర్‌ఎన్‌ఏలో ఒక్కో అక్షరాన్ని చదువుతుంది. ఏ అక్షరమన్నది ముఖ్యంగా ముక్కలోని ఐదో అమైనో ఆమ్లం, చివరి అమైనో ఆమ్లం కలిసి నిర్ణయిస్తాయని 2012లో తేలింది. ఐదో స్థానంలో థ్రియోనిన్, చివర ఆస్పరాజిన్ ఉంటే అడినిన్. థ్రియోనిన్, ఆస్పార్టేట్ ఉంటే గ్వానిన్. ఆస్పరాజిన్, ఆస్పార్టేట్ ఉంటే యురాసిల్. ఇలా ఒక వరసను గుర్తుపట్టే ప్రోటీన్‌లో రెండు మూడు ముక్కలు మారితే మరో వరసను గుర్తుపట్టే ప్రోటీన్ అవుతుంది. కణాంగాల ఆర్‌ఎన్‌ఏలో ఎక్కడ ఏ లోపం తలెత్తినా దాన్ని సరిదిద్దడానికి పరిణామం ఈ కుటుంబం నుంచే కొత్త ప్రోటీన్లను తీసుకుంటూ వచ్చింది.

వీటన్నిటికీ స్ప్లైసింగ్‌తో సంబంధం లేదు. కొన్ని ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను మార్చే ఎడిటింగ్ చేస్తాయి, కొన్ని ఆర్‌ఎన్‌ఏ చివరలను కాపాడతాయి, కొన్ని అనువాదానికి (ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ తయారుచేయడానికి) సాయం చేస్తాయి. స్ప్లైసింగ్‌లో ఉన్నవి ఎక్కువగా పీ తరగతివి, అంటే 35 అమైనో ఆమ్లాల ముక్కలే వరసగా ఉన్నవి. ఓటీపీ43 నాడ్1 మొదటి ఇంట్రాన్‌కు, బీఐఆర్6 నాడ్7 మొదటి ఇంట్రాన్‌కు, పీపీఆర్4 మొక్కజొన్నలో ఆర్‌పీఎస్12 ట్రాన్స్-స్ప్లైసింగ్‌కు కావాలి.

ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు వీటి కథే అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే ఒక్కొక్కటీ వేరే ఉద్యోగం నుంచి వచ్చింది. ఆర్‌ఎన్‌సీ1లో ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమైన ఆర్‌ఎన్ఏజ్-3 భాగాలు రెండున్నాయి, కాని కోతకు అవసరమైన అమైనో ఆమ్లాలు అందులో లేవు. కత్తి మొద్దుబారి పట్టుకార అయింది. సీఆర్‌ఎస్2 రూపంలో పెప్టిడిల్-టీఆర్‌ఎన్‌ఏ హైడ్రోలేజ్, కాని ఆ పని ఇక చేయదు. డబ్ల్యూటీఎఫ్1లోని పీఓఆర్‌ఆర్ అనే భాగాన్ని అంతకుముందు ఎవరూ ఆర్‌ఎన్‌ఏతో ముడిపెట్టలేదు. ఇది ఆర్‌ఎన్‌సీ1తో జతగా పనిచేస్తుంది. ఎంటర్ఫ్ కుటుంబం పేరు మైటోకాండ్రియాలో ట్రాన్స్‌క్రిప్షన్‌ను (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని) ఆపే మానవ ప్రోటీన్ నుంచి వచ్చింది, కాని మొక్కల్లో ఎంటర్ఫ్15 నాడ్2 మూడో ఇంట్రాన్‌ను తొలగించడానికి కావాలి.

ఇలా వేరే పని నుంచి రావడం మొక్కలకే పరిమితం కాదు. న్యూరోస్పోరా అనే శిలీంధ్రంలో టైరోసిన్‌ను టీఆర్‌ఎన్‌ఏకు ఎక్కించే సీవైటీ-18 ఎంజైమే మొదటి గ్రూపు ఇంట్రాన్లనూ నిలబెడుతుంది.

హెలికేజ్‌లు ఆర్‌ఎన్‌ఏ మడతలను విప్పుతాయి కదా, మడత పడాల్సిన చోట విప్పడం ఎందుకు?

తప్పు మడత పడిన ఆర్‌ఎన్‌ఏ దానంతట అది బయటపడలేదు. ఏటీపీ శక్తితో ఆ మడతను విప్పితే మళ్లీ సరిగ్గా పడే అవకాశం వస్తుంది. అరబిడాప్సిస్ మైటోకాండ్రియాలో పీఎంహెచ్2 అనే డెడ్-బాక్స్ హెలికేజ్ తగ్గితే ఒకటి కాదు, చాలా ఇంట్రాన్ల స్ప్లైసింగ్ మందగిస్తుంది.

ఒక్క ఇంట్రాన్‌కు ఇన్ని ప్రోటీన్లా? ఒకటి సరిపోదా?

నాడ్1 మొదటి ఇంట్రాన్‌నే తీసుకోండి. ఎన్‌మ్యాట్1 కావాలి, ఎన్‌మ్యాట్4 కావాలి, ఓటీపీ43 కావాలి. హరితరేణువులో వైసీఎఫ్3 రెండో ఇంట్రాన్‌కు ఓటీపీ51, టీహెచ్‌ఏ8, ఏపీఓ1 అన్నీ కావాలి. వీటిలో ఏది లేకపోయినా మిగతావి ఆ లోటు పూడ్చలేవు.

ఒక్కో ప్రోటీన్ ఇంట్రాన్‌లో ఒక్కో చోటిని సరిచేస్తుంది. ఒకటి ఒక పొడవైన భాగాన్ని సాగదీసి తప్పు జత కుదరకుండా ఆపుతుంది, మరొకటి రెండు దూరపు భాగాలను దగ్గరకు తెస్తుంది. ఇంతమంది పోగుపడటం వల్ల స్ప్లైసింగ్ మెరుగైందనుకోనక్కరలేదు. ఇంట్రాన్‌లో ఒక చోట చిన్న లోపం వచ్చినప్పుడు అక్కడ అప్పటికే తచ్చాడుతున్న ప్రోటీన్ దాన్ని కప్పేస్తుంది. కప్పేసింది కాబట్టి ఆ లోపం వడపోతకు గురికాదు, తర్వాతి తరాలకు వెళుతుంది. అప్పటి నుంచి ఆ ప్రోటీన్ లేకుండా ఇంట్రాన్ బతకలేదు. ఇలా ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క ఊతకర్ర చేరుతూ పోతుంది. వెనక్కి వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది.

## ప్రోటీన్ లోపించిన మొక్కలు

ఒక్క ఇంట్రాన్ తొలగకపోతే మొక్క మొత్తం తెల్లగా ఎందుకు పుడుతుంది?

ఏ జన్యువులోని ఇంట్రాన్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆర్‌పీఎస్12, ఆర్‌పీఎల్2, ఆర్‌పీఎల్16 లాంటివి హరితరేణువు రైబోజోమ్ భాగాలు. టీఆర్‌ఎన్‌ఏ ఇంట్రాన్లు కూడా అనువాదానికి సంబంధించినవే. వీటిలో ఒకటి దెబ్బతింటే హరితరేణువులో ప్రోటీన్ల తయారీ ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన కీలక ప్రోటీన్లు అక్కడే తయారుకావాలి కాబట్టి మొలక తెల్లగా వస్తుంది, విత్తనంలోని నిల్వ అయిపోగానే చనిపోతుంది.

పెట్‌బీ, పెట్‌డీ ఇంట్రాన్లు తొలగకపోతే సైటోక్రోమ్ బీ6ఎఫ్ సముదాయం లోపిస్తుంది. వైసీఎఫ్3 దెబ్బతింటే ఫోటోసిస్టమ్-1 అమరదు. ఎన్‌డీహెచ్‌ఏ ఇంట్రాన్ ఒక్కటే తొలగకపోతే సాధారణ పరిస్థితుల్లో మొక్క పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి ఆకు రంగు మామూలుగా ఉందని స్ప్లైసింగ్ బాగుందనుకోవద్దు.

అదే జన్యువు పోతే మొక్కజొన్నలో తెల్ల మొలక వస్తోంది, అరబిడాప్సిస్‌లో విత్తనమే ఎదగడం లేదు. ఎందుకు?

కొవ్వు ఆమ్లాల తయారీలో ఉంది కారణం. వాటి తయారీలో తొలి మెట్టును నడిపే ఎంజైములో ఒక భాగాన్ని అరబిడాప్సిస్‌లో హరితరేణువులోని ఏసీసీడీ జన్యువు తయారుచేస్తుంది. హరితరేణువు రైబోజోమ్‌లు లేకపోతే ఆ భాగం రాదు, కొవ్వు ఆమ్లాలు లేక పిండం మధ్యలోనే ఆగిపోతుంది. గడ్డిజాతి మొక్కల్లో ఆ పనిని కేంద్రకం నుంచి వచ్చే వేరే రకం ఎంజైము చూసుకుంటుంది కాబట్టి రైబోజోమ్‌లు లేకపోయినా తెల్ల మొలక దాకా వస్తుంది. హరితరేణువు స్ప్లైసింగ్ ప్రోటీన్లలో చాలావాటిని మొదట మొక్కజొన్నలో కనుగొనగలగడానికి ఈ తేడా ఎంతగానో తోడ్పడింది.

కాంప్లెక్స్-1 లేకుండా మొక్క ఎలా బతుకుతుంది?

కష్టంగా బతుకుతుంది. మొక్కల మైటోకాండ్రియాలో ఎన్ఏడీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకోగల ప్రత్యామ్నాయ ఎంజైములు ఉన్నాయి. అవి ప్రోటాన్లను తోడవు కాబట్టి ఏటీపీ తక్కువ వస్తుంది, కాని శ్వాసక్రియ పూర్తిగా ఆగదు. అందుకే నాడ్ ఇంట్రాన్లు తొలగని అరబిడాప్సిస్ మొక్కలు ఆలస్యంగా మొలకెత్తి, పొట్టిగా, ముడుచుకున్న ఆకులతో పెరుగుతాయి. తీవ్రమైన లోపం ఉంటే పిండాన్ని బయటికి తీసి చక్కెర ఉన్న మాధ్యమంలో పెంచాలి. మొక్కజొన్నలో ఇలాంటి లోపాలు తరచూ గింజ దశలోనే బయటపడతాయి: పిండమూ పోషక కణజాలమూ ఎదగక పై తొడుగు వదులుగా మిగిలిపోతుంది. బదనిక జాతి విస్కమ్ ఆల్బమ్‌లో కాంప్లెక్స్-1 అసలే లేదని 2018లో తేలింది. ఆ మొక్క అలాగే జీవిస్తోంది.

చలిలో పెంచితే లోపం ఎక్కువ కనిపిస్తోంది. ప్రయోగంలో తప్పు జరిగిందా?

తప్పు కాకపోవచ్చు. చలిలో ఆర్‌ఎన్‌ఏ తప్పు మడతలు కూడా గట్టిపడతాయి, వాటిని విప్పే ప్రోటీన్ అవసరం పెరుగుతుంది. కాస్త బలహీనపడిన ప్రోటీన్ వెచ్చదనంలో నెట్టుకొచ్చి చలిలో చేతులెత్తేస్తుంది. రెండు ఉష్ణోగ్రతల్లోనూ అదృష్టవశాత్తు మీ దగ్గర మొక్కలున్నాయి కాబట్టి స్ప్లైసింగ్‌ను రెండిటిలోనూ కొలవండి.

## ప్రయోగశాలలో

స్ప్లైసింగ్ లోపం ఉందని ఎలా తేల్చాలి?

ప్రతి ఇంట్రాన్‌కూ రెండు కొలతలు కావాలి. ఎక్సాన్-ఎక్సాన్ అతుకు మీదుగా ప్రైమర్లు పెడితే స్ప్లైసింగ్ పూర్తయిన ఆర్‌ఎన్‌ఏ తెలుస్తుంది. ఎక్సాన్-ఇంట్రాన్ సరిహద్దు మీదుగా పెడితే ఇంకా పూర్తికానిది తెలుస్తుంది. మ్యూటెంట్‌లో మొదటిది తగ్గి రెండోది పెరిగితే లోపం ఉన్నట్టు. కణాంగంలోని ఇంట్రాన్లన్నిటినీ కొలవండి, మీకు అనుమానమున్న ఒక్కదాన్నే కాదు.

రెండు జాగ్రత్తలు చాలా అవసరం. కాంప్లిమెంటరీ డీఎన్‌ఏ తయారీకి ఒలిగో-డీటీ ప్రైమర్ వాడవద్దు: కేంద్రకం ఆర్‌ఎన్‌ఏకు ఉన్నట్టు కణాంగాల ఆర్‌ఎన్‌ఏకు స్థిరమైన అడినిన్ తోక ఉండదు, పైగా వాటికి ఆ తోక చేరడమంటే నాశనానికి గుర్తు. యాదృచ్ఛిక ప్రైమర్లు వాడండి. రెండోది, నమూనాను డీఎన్ఏజ్‌తో శుభ్రం చేయడం. ఒక్కో కణంలో కణాంగాల డీఎన్‌ఏ ప్రతులు ఎన్నో ఉంటాయి, ఆ డీఎన్‌ఏలో ఇంట్రాన్ ఎలాగూ ఉంటుంది. కాస్త మిగిలినా తొలగని ఆర్‌ఎన్‌ఏలాగే కనిపించి మోసం చేస్తుంది. వీలైతే నార్తర్న్ బ్లాట్‌తో సరిచూసుకోండి.

నా తెల్ల మొక్కలో ఆరేడు ఇంట్రాన్లు తొలగడం లేదు. నా ప్రోటీన్ వాటన్నిటికీ కావాలని రాయవచ్చా?

దయచేసి తొందరపడకండి. ఈ ప్రశ్నకు జవాబు రాయడానికే ఈ పేజీ మొత్తం మొదలుపెట్టానని చెప్పినా తప్పులేదు.

మ్యాట్‌కే హరితరేణువులోనే, హరితరేణువు రైబోజోమ్‌ల మీదే తయారవుతుంది. ఏ కారణం చేతనైనా ఆ రైబోజోమ్‌లు లేకపోతే మ్యాట్‌కే ఉండదు. మ్యాట్‌కే లేకపోతే 2ఏ ఉపవర్గం ఇంట్రాన్లు తొలగవు. బార్లీలో ఆల్బోస్ట్రియన్స్ అనే మ్యూటెంట్ తెల్ల ఆకులు దీన్ని 1990లలోనే చూపించాయి. అంటే మీ ప్రోటీన్ అసలు పని రైబోజోమ్ తయారీ కావచ్చు, ట్రాన్స్‌క్రిప్షన్ కావచ్చు, ఒక్క ఆర్‌పీఎస్12 ట్రాన్స్-స్ప్లైసింగ్ కావచ్చు; కొలిస్తే మాత్రం ఎన్నో ఇంట్రాన్లు దెబ్బతిన్నట్టే వస్తుంది.

కాబట్టి తెల్ల మ్యూటెంట్‌ను పచ్చటి సాధారణ మొక్కతో మాత్రమే పోల్చితే సరిపోదు. వేరే కారణంతో అంతే తెల్లగా ఉన్న, స్ప్లైసింగ్‌తో నేరుగా సంబంధం లేదని తెలిసిన మరో మ్యూటెంట్‌ను పక్కన పెట్టి పోల్చండి. రెండిటిలోనూ కనిపించే లోపాలు తెల్లదనం వెంట వచ్చినవి. మీ మొక్కలో మాత్రమే కనిపించేది ఏదో అదే మీ ప్రోటీన్ గురించి చెబుతుంది. పూర్తిగా తెల్లబడని బలహీన మ్యూటెంట్ దొరికితే ఇంకా మేలు, అందులో అసలు లోపం ముందుగా, స్పష్టంగా బయటపడుతుంది.

స్ప్లైసింగ్ అయిన ఆర్‌ఎన్‌ఏ తగ్గింది, అయినా స్ప్లైసింగ్ కాని పూర్వరూపం పెరగలేదు. ఎలా అర్థం చేసుకోవాలి?

స్ప్లైసింగ్ ఆగితే మామూలుగా పూర్వరూపం పేరుకుపోవాలి. పేరుకోకపోతే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీయే తగ్గి ఉండవచ్చు, లేదా పూర్వరూపం తయారైన వెంటనే నాశనమవుతూ ఉండవచ్చు. మొక్కజొన్నలో పీపీఆర్5 విషయంలో జరిగింది రెండోదే. అది గ్లైసిన్ టీఆర్‌ఎన్‌ఏ పూర్వరూపంలోని ఇంట్రాన్‌కు అంటుకుని, ఆర్‌ఎన్‌ఏను కోసే న్యూక్లియేజ్‌ల నుంచి కాపాడుతుంది. అది లేని మొక్కలో పూర్వరూపమే మిగలదు. రెండు సంఖ్యల నిష్పత్తిని మాత్రమే చూసేవారికి ఈ తేడా కనిపించదు. అందుకే నిష్పత్తితో పాటు రెండు విలువలనూ విడివిడిగా చూపించండి.

ప్రోటీన్ ఇంట్రాన్‌కు నేరుగా అంటుకుంటుందని ఎలా చూపాలి?

మొదట కణాంగం సారం నుంచి ఆ ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టి బయటికి లాగాలి. వెంట వచ్చిన ఆర్‌ఎన్‌ఏలో ఏ ఇంట్రాన్ ఎక్కువగా ఉందో చూడాలి. దీంతో ప్రోటీన్ ఆ ఇంట్రాన్ ఉన్న జట్టులో ఉందని తెలుస్తుంది, నేరుగా తాకుతోందని మాత్రం తెలియదు. దానికోసం శుద్ధి చేసిన ప్రోటీన్‌నూ కృత్రిమంగా చేసిన ఆర్‌ఎన్‌ఏనూ కలిపి జెల్ మీద నడిపి చూడాలి. పీపీఆర్ ప్రోటీన్ అయితే దాని అమైనో ఆమ్లాల జతలను బట్టి అంటుకునే వరసను ముందే ఊహించి, ఆ వరసలో ఒకటి రెండు అక్షరాలు మార్చి బంధం తగ్గుతుందేమో పరీక్షించవచ్చు. ఊహించిన వరస ఇంట్రాన్‌లో కనిపించడమే రుజువు కాదు. చిన్న వరసలు యాదృచ్ఛికంగా కూడా దొరుకుతాయి.

## ఫలితాల తర్వాత వచ్చే ప్రశ్నలు

ఈ ప్రోటీన్లు స్ప్లైసింగ్‌ను నియంత్రిస్తాయని రాయవచ్చా?

అవసరమని తేలడం వేరు, నియంత్రిస్తుందని తేలడం వేరు. ప్రోటీన్ లేకపోతే పని ఆగిందంటే అది అవసరమని అర్థం. నియంత్రణ అనాలంటే వెలుతురో, వయసో, కణజాలమో మారినప్పుడు ఆ ప్రోటీన్ మోతాదు మారాలి, దాన్ని బట్టి స్ప్లైసింగ్ మారాలి, దాన్ని బట్టి చివరి ప్రోటీన్ మారాలి. ఈ మూడూ చూపించకుండా ఆ మాట వాడవద్దు.

ఇంత కష్టమైతే మొక్కలు ఈ ఇంట్రాన్లను ఎందుకు వదిలించుకోలేదు?

కొన్ని వదిలించుకున్నాయి. గడ్డిజాతి మొక్కల్లో ఆర్‌పీఓసీ1 ఇంట్రాన్, సీఎల్‌పీపీ జన్యువులోని రెండు ఇంట్రాన్లు లేవు. కర్రపెండలంలో ఏటీపీఎఫ్ ఇంట్రాన్ లేదు. ఇంట్రాన్ తొలగిన ఆర్‌ఎన్‌ఏ తిరిగి డీఎన్‌ఏగా మారి, అసలు జన్యువు స్థానంలో చేరితే ఇలా జరగవచ్చు. కాని ఇంట్రాన్ ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా పోవాలి, లేకపోతే జన్యువే చెడుతుంది. అలాంటి సంఘటన అరుదు. ఈలోగా సహాయక ప్రోటీన్లు పని నడిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఇంట్రాన్‌ను వదిలించుకోవలసిన ఒత్తిడి కూడా పెద్దగా ఉండదు.

ఇంట్రాన్లకూ ప్రోటీన్లకూ ఉన్న ఈ ముడి విడిపోతే ఏమవుతుందో కస్క్యూటా అనే పరాన్న తీగలో చూడవచ్చు. ఆ ప్రజాతిలోని కొన్ని జాతుల హరితరేణువు జన్యుసముదాయంలో మ్యాట్‌కే పట్టుకునే 2ఏ ఉపవర్గం ఇంట్రాన్ ఒక్కటి కూడా మిగలలేదు. ఆ జాతుల్లో మ్యాట్‌కే కూడా లేదు.